వెనక గదికి అనుమతి

“సామాను ఎత్తెయ్యండ్రా,” అన్నాడు బుల్లబ్బాయి మేస్త్రి.

కూలీలిద్దరూ పారలు కడిగి సైకిళ్ళకి కట్టారు. పొద్దున్న ఏడింటికి మొదలైన పని తొమ్మిదికల్లా ఆగిపోయింది. పెరట్లో తవ్విన పునాది గోతుల్లో అప్పుడే నీళ్ళు ఊరుతున్నాయి. లంక నేల, మోకాలి లోతు తవ్వితే చాలు.

సూరిబాబు అరుగు మీద నిలబడి, పంచాయతీ బిల్ కలెక్టర్ చిట్టిబాబు ఇచ్చి వెళ్ళిన కాగితాన్ని మూడోసారి చదివాడు. అనుమతి పొందకుండా మొదలుపెట్టిన అదనపు గది పనిని వెంటనే నిలిపివేయాలి. ఇంటి యజమానురాలు సూర్యావతి స్వయంగా ఆఫీసుకి హాజరు కావాలి. కింద సెక్రటరీ కామేశ్వరరావు గారి పొడి సంతకం.

“రెండ్రోజులు ఆగు మేస్త్రీ. అప్రూవల్ తెచ్చేత్తాను.”

“ఆయ్. తెచ్చేక కబురెట్టండి బాబూ. ఆగమన్న పని ముట్టుకుంటే నాకూ తంటానేనండి.”

మేస్త్రి సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

వంటింటి గుమ్మంలో నిలబడి సూర్యావతి ఇదంతా చూసింది. ఎవరి ఇంట్లోనో జరుగుతున్నట్టుగా చూసింది. కువైట్ నుంచి వచ్చి నాలుగు నెలలైంది. పక్కదేశంలో యుద్ధం వస్తుందని భయపడి, ఎనిమిదేళ్ళు పనిచేసిన ఇంటివాళ్ళే టిక్కెట్టు కొని పంపించేశారు. ఇక్కడికి వచ్చాక కూడా ఎవరో పిలిస్తే వెళ్ళి పనందుకోవాలన్నట్టు గుమ్మాల్లోనే నిలబడుతోంది.

ఇల్లు ఆమె పేరు మీదే ఉంది. పెళ్ళప్పుడు నాన్న పసుపు కుంకుమల కింద రాసిచ్చిన స్థలం. ఆమె కువైట్‌లో ఉండగా కట్టిన ఇల్లు. రెండు గదులు. ఒకటి భర్త సూరిబాబుది. రెండోది కూతురు గాయత్రిది, గాయత్రిని పెంచిన పిన్ని అన్నపూర్ణది. సూర్యావతి వచ్చిన రోజు హాల్లో వేసిన మడత మంచం ఇప్పటికీ హాల్లోనే ఉంది.

అందుకే వెనక ఇంకో గది వేద్దామన్నాడు సూరిబాబు. ఎవరికోసమన్నది అతను చెప్పలేదు. ఆమె అడగలేదు.

పక్కింటి జగ్గయ్య తన పెరట్లో రాలిన కొబ్బరిమట్టలు ఏరుతూ గోడ దగ్గరకి వచ్చాడు.

“అర్జీ పెట్టింది నేనేనోయ్ సూరిబాబూ. దాచుకోడానికేం లేదు. మధ్యని మూడడుగుల సందుండాలి. నువ్వు అడుగున్నర ఒదిలేవు.”

“ఇల్లు కట్టినప్పుడు ఏం మాట్టాడలేదే?”

“అప్పుడు ఊరుకున్నాను. అప్పుడు చాలావాటికి ఊరుకున్నాను.” జగ్గయ్య మట్టలు కిందపడేసి గుమ్మం వైపు చూశాడు. “అమ్మాయ్ సూర్యావతీ, వచ్చేవు కదా. నీ ఇంటి కాయితం మీద ఈసారైనా సంతకం నువ్వు పెట్టుకో.”

సూరిబాబు కాగితం మడిచేశాడు. ఇక పెరట్లోకి చూడలేదు.

“అదేంటండీ, జగ్గయ్య మావయ్య అలాగన్నాడు?” అంది సూర్యావతి.

“ఆడి మాటలకేంటి.”

“ఈసారైనా అన్నాడు. మరి అప్పుడెవరు పెట్టేరు?”

లోపల బియ్యం కడుగుతున్న చప్పుడు ఆగింది.

“రేపు నేనూ అన్నపూర్ణా ఎల్లొత్తాం,” అన్నాడు సూరిబాబు, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ. “నువ్వు రానక్కర్లేదు. ఎండ.”

అతను గేటు తీసుకుని వెళ్ళిపోయాడు. ప్లాను గీసే ఆయన దగ్గరకట.

* * *

ఎసట్లో బియ్యం పోసి, మూత పెట్టి, ఆ మూత మీదే చెయ్యి ఉంచి అన్నపూర్ణ అంది. “నేనే పెట్టేనక్కా.”

సూర్యావతి పీట మీద కూర్చుని మామిడికాయ చెక్కు తీస్తోంది.

“అప్పుడు ఈ కామేశ్వరరావు గారు కొత్తగా వచ్చేరు. ఇల్లు ఎవరి పేర ఉంటే ఆళ్ళే వచ్చి నా ముందర సంతకం పెట్టాలి, లేపోతే ప్లాను కదలదన్నారంట. నువ్వు రావాలంటే ఇంకో ఏడాది పడతాది. కట్టిన గోడలు వానల్లో నానిపోతాయన్నాడు బావ. నన్ను రమ్మన్నాడు.”

“ఎల్లేవు.”

“ఎల్లేను.” అన్నపూర్ణ గొంతు తగ్గించింది. “బొట్టెట్టుకున్నాను. బీరువాలో నీ నల్లపూసలుంటే తీసి ఏసుకున్నాను. ఆ ఒక్క పూటే అక్కా. ఇంటికొచ్చి తీసేసేను.”

అన్నపూర్ణ భర్త పెళ్ళైన మూడో ఏడు జ్వరం వచ్చి పోయాడు. అప్పుడామెకి ఇరవై రెండు. అక్క కువైట్ వెళ్తోంది, నాలుగేళ్ళ గాయత్రిని చూసేవాళ్ళు కావాలి. నాన్నే తీసుకొచ్చి ఇక్కడ దింపాడు. ఇద్దరికీ ఆసరాగా ఉంటుందన్నాడు. ఆయన కూడా పోయి నాలుగేళ్ళైంది.

సూర్యావతి కాసేపు ఆగింది. కోపం వస్తుందేమోనని ఆగింది. ఏడుపైనా వస్తుందేమో అనుకుంది. రెండూ రాలేదు. చేతిలో మామిడికాయ చెక్కు తీయడం అయిపోయింది.

“ముక్కలు పప్పులోకేనా, పులుసులోకా?” అంది.

“అక్కా, తిట్టు నన్ను.”

“దేనికి?”

“తిట్టు. నాలుగు నెలలైంది నువ్వొచ్చి. ఒక్క మాటనలేదు నన్ను. పిల్ల నీ కాడికి రాపోయినా అనలేదు. నువ్వలాగుంటే నాకు భయమేత్తంది.”

“పప్పులోకే కోత్తాను,” అంది సూర్యావతి.

అన్నపూర్ణ పొయ్యి వైపు తిరిగిపోయింది.

మధ్యాహ్నం సూరిబాబు తిరిగొచ్చి, చెయ్యి కడుక్కోకుండానే విషయం చెప్పాడు. ఉన్న ఇంటికి చేర్పు కాబట్టి కొత్త ఫైలు తెరవరు. పాత ఫైలే తీస్తారు. అందులో ఉన్న యజమానురాలి సంతకం, ఇప్పుడు పెట్టే సంతకం ఒకటే అవ్వాలి.

“నీది కలవదు,” అన్నాడు భార్యతో. పళ్ళెం వైపు చూస్తూ అన్నాడు.

“నా ఇల్లే కదండీ.”

“నీదే. కాదన్నానా? సంతకం కలవదన్నాను.”

“పోనీ ఉన్నదున్నట్టు చెప్పేత్తే?”

“చెప్పేత్తే దొంగ సంతకం అంటారు. నన్నూ నీ చెల్లినీ స్టేషన్‌కి పిలుత్తారు. అదేనా నీకు కావాల్సింది?”

సూర్యావతి పప్పు వడ్డించింది. తనకేం కావాలో వెతుక్కుంటే ఏమీ దొరకలేదు.

“పోనీ నేను అక్కకి నేర్పుతాను బావా,” అంది అన్నపూర్ణ. “నాలాగ పెట్టడం. ఒక పూటలో వచ్చేత్తాది.”

సూరిబాబు అన్నం కలుపుకున్నాడు.

బడి నుంచి వచ్చిన గాయత్రి పాత నోటుబుక్కు ఒకటి ఇచ్చింది. అక్కచెల్లెళ్ళు హాల్లో చాప మీద కూర్చున్నారు. అన్నపూర్ణ ఏడో తరగతి దాకా చదివింది. ఆమె రాసే ‘సూర్యావతి’ ఒక్క ఊపులో పోతుంది. అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని, చివర తి గుడి మీదనుంచి ఒక గీత వెనక్కి వచ్చి పేరంతటికీ కింద గీత అవుతుంది.

సూర్యావతికి పాస్‌పోర్టు కోసం ఎవరో మాస్టారు నేర్పిన నాలుగక్షరాలే వచ్చు. విడివిడిగా, పెద్దగా, దేనికది నిలబడి ఉంటాయి.

“చెయ్యి ఎత్తకక్కా. ఎత్తకుండా లాగెయ్యి.”

ఆమె లాగింది. ర్యా దగ్గర చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ రాసింది. అన్నపూర్ణ వెనక కూర్చుని అక్క చెయ్యి పట్టుకుని దిద్దించింది. చెల్లెలి అరచేయి వెచ్చగా ఉంది. చిన్నప్పుడు అదే చెయ్యి పట్టుకుని తను కాలవ వంతెన దాటించేది. ఆ సంగతి గుర్తొచ్చింది గానీ, గుర్తొచ్చినందువల్ల ఏమీ అవలేదు.

జడ వేసుకుంటూ గాయత్రి వంగి చూసింది.

“అమ్మ సంతకం ఇలా ఉండదు కదా,” అంది.

“ఎలా ఉంటాది?” అంది సూర్యావతి.

గాయత్రి లోపలికెళ్ళి అట్ట కాగితం పట్టుకొచ్చింది. ఆరో తరగతి ప్రోగ్రెస్ కార్డు. తల్లి సంతకం అన్న చోట ఒకే ఊపులో రాసిన సూర్యావతి. యూనిట్ టెస్టుకి ఒకటి, క్వార్టర్లీకి ఒకటి, హాఫ్ ఇయర్లీకి ఒకటి, వరసగా కిందికి.

“ఇదండీ అమ్మ సంతకం. ఒకటో క్లాసు నుంచీ ఇంతే,” అంది గాయత్రి. తల్లితో ఆ పిల్ల అండీ అనే మాట్లాడుతుంది, బంధువులావిడతో మాట్లాడినట్టు.

“నువ్వు ఎల్లి చదువుకోవే,” అంది అన్నపూర్ణ.

“నేనేమన్నాను పిన్నీ?”

“ఎల్లమన్నానా!”

పిల్ల కార్డు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. సూర్యావతి ఆ కార్డుని కాసేపు చూసి, చదవడం రాదు కాబట్టి తిప్పి పెట్టింది. నోటుబుక్కు మూసేసింది.

“నాకు రాదులే. రేపు నువ్వే పెట్టు.”

“అక్కా...”

“నేనూ వత్తాను.”

కుర్చీలో కూర్చున్న సూరిబాబు తలెత్తాడు. “నువ్వెందుకు?”

“ఊరికే. చూత్తాను.”

* * *

మర్నాడు పదిన్నరకి ముగ్గురూ పంచాయతీ ఆఫీసుకి వెళ్ళారు. సూరిబాబు ముందు, నాలుగడుగుల వెనక అన్నపూర్ణ, ఆ వెనక సూర్యావతి. అన్నపూర్ణ కుంకుమ బొట్టు పెట్టుకుంది. మెడలో నల్లపూసలున్నాయి. బయల్దేరే ముందు సూర్యావతే బీరువా తీసి ఇచ్చింది. చెల్లెలు వాటిని అటు తిరిగి వేసుకుంది.

కామేశ్వరరావు గారిది అమలాపురం. మధ్యలో రెండుచోట్లకి బదిలీ అయి, ఈ జనవరిలో మళ్ళీ ఇక్కడికే వచ్చారు. మనుషుల్ని మర్చిపోరని ఆయనకి పేరు.

“రండి సూరిబాబు గారూ. రండమ్మా సూర్యావతి గారూ, కూర్చోండి,” అన్నారు అన్నపూర్ణని చూసి. “అయిదేళ్ళైంది మిమ్మల్ని చూసి. బాగున్నారాండీ?”

“ఆయ్,” అంది అన్నపూర్ణ. ఆ ఒక్క అక్షరమే సగం వినపడింది.

“వీరెవరండీ?”

సూరిబాబు నోరు తెరిచాడు. ఏం చెప్పాలో ఇంట్లో అనుకోలేదు. ఆమెని ఎవరూ పట్టించుకోరనుకున్నాడు.

“చెల్లెల్నండి,” అంది సూర్యావతి. “అన్నపూర్ణ.”

కువైట్‌లో ఇంటావిడకి ఆమె పేరు నోరు తిరగలేదు. నూరా అంది. ఎనిమిదేళ్ళు ఆ పేరుకే పలికింది. ఇంకో పేరు చెప్పడం కష్టమేమీ అవలేదు.

సూరిబాబు గట్టిగా ఊపిరి వదిలాడు. అన్నపూర్ణ తల వంచుకుంది.

చిట్టిబాబు బీరువాలోంచి పాత ఫైలు తీసి దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాడు. అతనిది ఈ ఊరే. ఎవరెవరో అతనికి తెలుసు. గోడ మీది క్యాలెండర్ కేసి చూస్తూ నిలబడ్డాడు.

కామేశ్వరరావు గారు కొత్త ప్లాను పరిచి స్కేలు పెట్టి చూశారు. “సందు సంగతి తేలిపోయిందండి. గోడ అడుగున్నర లోపలికి జరిపి గీయించేరు కదా. గది చిన్నదవుతుంది, అంతే. ఇదిగో, దరఖాస్తు మీద ఇక్కడొకటి, ప్లాను మీద ఒకటి పెట్టండమ్మా.”

అన్నపూర్ణ పెన్ను తీసుకుంది. ఒక్క ఊపులో పెట్టింది. రెండోదీ పెట్టింది. ఆయన పాత కాగితం పక్కన పెట్టి రెండూ చూసి తల ఊపారు.

“కలిసేయి. ఇంకొక్కటుందండీ.” సొరుగులోంచి వేరే కాగితం తీశారు. “జగ్గయ్య గారు అర్జీలో రెండు రాసేరు. మొదటిది సందు. రెండోది, ఇల్లు కట్టేనాటికి ఇంటి యజమానురాలు దేశంలోనే లేరని రాసేరు. నేను కళ్ళారా చూసి సంతకం చేయించుకున్న మనిషిని లేరంటే ఎలాగండీ? అయినా అర్జీ వచ్చింది కాబట్టి ఒక వాంగ్మూలం ఫైల్లో ఉండాలి. పరాయి సాక్షి అక్కర్లేదు, తోడబుట్టినావిడే వచ్చేరు.”

ఆయన నాలుగు వాక్యాలు రాసి, పైకి చదివారు.

“నేను అన్నపూర్ణ అను దానను. ఈ కార్యాలయములో నా ఎదుట సంతకము చేసిన ఈమె నా సొంత అక్క సూర్యావతి. ఈమె ఈ గ్రామములోనే కాపురముంటూ, భర్తతోనూ బిడ్డతోనూ కలసి ఈ ఇంటిలో నివసించుచున్నది. ఇది నాకు స్వయముగా తెలియును.”

చదవడం అయిపోయింది. పైన ఫ్యాను తిరుగుతోంది.

సూర్యావతి విన్నది. ఒక్కో మాటా విడివిడిగా విన్నది. అందులో ఉన్నదంతా నిజమేననిపించింది. ఈ ఊళ్ళోనే కాపురమున్నది అన్నపూర్ణే. బిడ్డతో ఉన్నదీ ఆమే. పేరొక్కటే తనది.

“వేలిముద్రాండీ, సంతకమా?” అన్నారు కామేశ్వరరావు గారు, ఇంకు పేడ్ ముందుకి జరుపుతూ.

“వేలిముద్రేనండి,” అన్నాడు సూరిబాబు. “దానికి చదువు లేదు.”

సూర్యావతి బొటనవేలు చాపింది. పేడ్ మీద ఆనించబోయి ఆగింది. ఎందుకాగిందో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా ఆమెకి తెలియలేదు.

“సంతకం వచ్చండి,” అంది.

“మంచిదండి. ఇక్కడ.”

పెన్ను బరువుగా ఉంది. చూపించిన చోట వంగి రాసింది. సూ. ర్యా. వ. తి. దేనికది విడిగా, గీత దాటి పైకి వచ్చేంత పెద్దగా. రాసి, పెన్నుకి మూత పెట్టి, బల్ల మీద పెట్టింది.

చిట్టిబాబు క్యాలెండర్ మీంచి చూపు దించాడు.

కామేశ్వరరావు గారు కాగితం తనవైపు తిప్పుకున్నారు. ఒకసారి చదివారు. పాత ఫైల్లోది చూశారు. మళ్ళీ ఇది చూశారు.

“అక్క పేరు కాదమ్మా. మీ పేరు పెట్టాలి.”

“నా పేరేనండి,” అంది సూర్యావతి.

ఆయన అర్థం కానట్టు సూరిబాబు వైపు తిరిగారు. సూరిబాబు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. “అది... కంగారండి. దానికి ఆ మాట ఒకటే రాయడం వచ్చు. ఇంకో కాయితం రాయండి, వేలిముద్ర ఏయిత్తాను.”

“అక్క పేరొకటే రాయడం నేర్చుకున్నారాండీ?”

అన్నపూర్ణ కుర్చీ దిగింది.

నేల మీద చతికిలబడి, మెడలో నల్లపూసలు రెండు చేతులతో పట్టుకుంది.

“నేను అన్నపూర్ణనండి. అప్పుడు పెట్టిందీ నేనే, ఇప్పుడు పెట్టిందీ నేనే. మా అక్క అప్పుడు కువైట్‌లో ఉందండి. ఆవిడ తప్పేం లేదండి, ఇల్లు ఆవిడదేనండి...”

“పూర్ణా!” అన్నాడు సూరిబాబు. “నువ్వు మాట్టాడకు. లే. లేచి కూచో.”

గట్టిగా అనలేదు. మెత్తగానే అన్నాడు. అతని చెయ్యి ఆమె భుజం దాకా వెళ్ళి, తాకకుండా వెనక్కి వచ్చింది.

పూర్ణా.

ఇంట్లో అతను నీ చెల్లి అంటాడు, అన్నపూర్ణ అంటాడు. పూర్ణా అని ఈ నాలుగు నెలల్లో ఒక్కసారీ అనలేదు. నాన్న అలా పిలవలేదు, అమ్మా పిలవలేదు. ఆ పేరుతో తన చెల్లెలు ఒకతె ఉందని సూర్యావతికి ఇప్పుడే తెలిసింది.

ఇప్పుడైనా ఏదో ఒకటి అవుతుందేమోనని చూసింది. గుండెల్లోనో, కళ్ళల్లోనో. కాళ్ళు మాత్రం కొంచెం చల్లబడ్డాయి, అంతే.

కామేశ్వరరావు గారు కొత్త ప్లాను చుట్టి పక్కన పెట్టారు. పాత ఫైలు మూయకుండా దాని మీద చెయ్యి ఉంచారు.

“గది మాట వదిలెయ్యండి సూరిబాబు గారూ. ఈ సంతకం తప్పయితే మీ ఇంటికే అనుమతి లేనట్టండి. నేను పైకి రాయాలి. రాసే ముందు మనిషిగా ఒక్కటి అడుగుతున్నాను, కాగితాల కోసం కాదు.” ఆయన అక్కచెల్లెళ్ళిద్దర్నీ చూశారు. “వీరిద్దరిలో మీ ఇంటావిడ ఎవరండీ?”

చెప్పడానికి టైం పడుతుంది. ముందు అతని కళ్ళు కదులుతాయి.

అవి ఎటు కదులుతాయో చూడకుండా సూర్యావతి లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వీధి వైపు తిరిగి నిలబడింది. అంబాజీపేట వెళ్ళే కొబ్బరికాయల లారీ ఒకటి ఎదురుగా ఆగి ఉంది. డ్రైవరు కిందికి దిగి టైరుని కాలితో తన్ని చూసుకుంటున్నాడు.

వెనక ఎవరో కుర్చీలోంచి లేచిన చప్పుడైంది. రెండడుగులు వినపడి ఆగిపోయాయి.

ఆమె తిరగలేదు.